కొమ్ములు లేని సైన్యం

మూడింటికి ముగ్గురూ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. నన్ను బయట సోఫాలో కూర్చోమన్నారు, అవసరమైతే పిలుస్తామన్నారు. అవసరమైతే! ఎనిమిది నెలలు ఆ సైన్యాన్ని పోగు పోగునా తయారు చేసిన మనిషితో అవసరం పడకపోవచ్చు కూడానట. సరే, కూర్చున్నాను. మీటింగ్ గదికి అద్దాల గోడ, బల్ల ఎత్తు వరకూ తెల్ల కాగితం అంటించి ఉంటుంది, అందుకని లోపల మూడు తలలూ ఆరు చేతులూ మాత్రం కనిపిస్తున్నాయి, మాటలు వినపడవు. బట్టతల మా బాస్‌ది. ఎర్ర కళ్ళజోడు అమ్మకాలు చూసే ఆవిడది. మూడో తల, దూదిలాంటి తెల్లటి జుట్టుతో కుర్చీలో సగం మునిగిపోయినట్టున్నది, మాకు చరిత్ర సలహాలిచ్చే మేడమ్‌ది. నాలుగింటికల్లా తేల్చేస్తాం అన్నారు బాస్. తేలేది ఇదే: మా కొత్త ఆటలో కెల్టు యోధులు నేను చేసినట్టు ఉంటారా, లేక పాత ఆటలోలాగా నెత్తిన కొమ్ములతోనే వస్తారా. మాది యుద్ధవ్యూహాల ఆటలు చేసే కంపెనీ. తెర మీద కొండలు, నదులు, కోటలు పరుచుకుని ఉంటాయి, ఆడేవాళ్ళు ఆకాశంలోంచి చూసినట్టు చూస్తూ సైన్యాల్ని నడిపిస్తారు. ఆ సైనికుల ఒళ్ళు, బట్ట, డాలు, కత్తి, జుట్టు, అన్నీ నా పని. రెండు వేల ఏళ్ళ కిందట యూరప్‌లో రోము సైన్యాలతో తలపడిన ఆ తెగలవాళ్ళు ఎలా ఉండేవాళ్ళో చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు కాబట్టి, లక్షల మందికి వాళ్ళు నేను గీసినట్టే ఉంటారు. తల్చుకుంటే భయమేస్తుంది. గర్వంగానూ ఉంటుంది, అబద్ధమెందుకు.

కొమ్ములు పెట్టింది ఎవరో కాదు, నేనే. అదే అసలు సంగతి. ఏడేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కెల్టు యోధుణ్ణి చెయ్యమంటే నాకు తెలిసిందల్లా పిల్లల బొమ్మల పుస్తకాల్లో చూసిందే. ఇనప టోపీ, దానికి ఎద్దుకున్నంత కొమ్ములు, భుజాన ఎలుగుబంటి తోలు, ఒళ్ళంతా నీలిరంగు, చేతిలో గొడ్డలి. రెండు రోజుల్లో చేసి పడేశాను. బాస్ గాల్లోకి ఎగిరినంత పని చేశారు. ఆట పెట్టె మీద వాడే, గోడ మీద వాడే, కాఫీ కప్పుల మీద వాడే. మా ఇంట్లో కూడా రెండు కప్పులుండేవి, నాన్న ఒకదాంట్లో సుద్దముక్కలు వేసుకునేవాడు. కొమ్ములవాడు బాగా అమ్ముడుపోయాడు, నా జీతం పెరిగింది, నన్ను అందరూ గుర్తుపట్టారు. ఆ తర్వాత నాలుగేళ్ళకి ఒక ఉత్తరం వచ్చింది, ఈమెయిల్ కాదు, చేత్తో రాసిన ఉత్తరం, ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పే టీచర్ దగ్గర్నుంచి. తిట్టలేదావిడ, తిట్టినా బాగుండేది. మా పరీక్షలో కెల్టు యోధుడి బొమ్మ గీయమంటే ముప్ఫై నాలుగు మందిలో ముప్ఫై ఒక్కరు కొమ్ములు గీశారండీ, ఎక్కడ చూశారురా అంటే మీ ఆట పేరు చెప్పారు, మీ బొమ్మ బాగుంటుంది, నేను చెప్పే పాఠంకంటే బాగుంటుంది, అందుకే రాస్తున్నాను, అని. అంతే. ఆ చివరి ముక్క నన్ను నెల రోజులు నిద్రపోనివ్వలేదు అంటే అతిశయోక్తి, నేను హాయిగానే నిద్రపోతాను, కానీ పళ్ళు తోముకునేటప్పుడు మాత్రం రోజూ గుర్తొచ్చేది. ముప్ఫై ఒక్క మంది. నా రెండు రోజుల పని ముందు ఆవిడ ఏడాది పాఠం ఓడిపోయింది. కాబట్టి కొత్త ఆట మొదలవగానే కెల్టులు నాకే కావాలని వెళ్ళి అడిగాను. బాస్ నవ్వి, నీకు కొమ్ములొచ్చాయే అన్నారు. వచ్చినవి కావు సార్, తీసెయ్యడానికే అడుగుతున్నా అన్నాను. అప్పుడాయనకి అర్థం కాలేదు.

లోపల మేడమ్ చెయ్యెత్తింది. చూపుడువేలూ బొటనవేలూ దగ్గరగా తెచ్చి ఏదో సన్నటిదాన్ని పట్టుకున్నట్టు చూపిస్తోంది. దారం. గుడ్డ సంగతి చెబుతోందన్నమాట. ఆవిడ ముప్ఫై ఏళ్ళు మ్యూజియంలో గుడ్డల విభాగంలో పనిచేసి రిటైరైంది, ప్రపంచంలో ఏ విషయమైనా ఆవిడకి గుడ్డ దగ్గరే మొదలవుతుంది. మొదటిసారి ఆవిడ ఇంటికి వెళ్ళి నా పాత యోధుణ్ణి చూపిస్తే భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చివరికి, "ఇతను చలికి పోతాడా, ఉక్కకి పోతాడా?" అని అడిగింది. ఛాతీ మీద ఏమీ లేదు, భుజం మీద ఎలుగుబంటి ఉంది, నిజమే కదా, ఏ కాలంలో యుద్ధం చేస్తున్నాడు వీడు? ఇద్దరం నవ్వుకున్నాం, ఆ నవ్వుతోనే స్నేహమైపోయింది. అప్పుడు చూపించింది ఆ ఫోటోలు. ఉప్పు గనుల్లో దొరికిన గుడ్డముక్కలు, రెండున్నర వేల ఏళ్ళనాటివి, ఉప్పు వాటిని కుళ్ళనివ్వలేదు, రంగులు కూడా పూర్తిగా పోలేదు. గళ్ళు! చక్కటి ఉన్ని గళ్ళు, పచ్చ మీద గోధుమరంగు, ఏటవాలు నేత. తోళ్ళు చుట్టుకుని తిరిగే అడవి మనుషులనుకున్నానా, వాళ్ళు రంగులద్ది, గళ్ళు లెక్కపెట్టి నేసేవాళ్ళు. ఒక ముక్కకి చిరుగు ఉంది, ఆ చిరుగు మీద అతుకు ఉంది, అతుకు చుట్టూ కుట్లు, సమానంగా, ఒద్దికగా. ఎవరో ఒకరు వెలుతురు ఉన్నచోట కూర్చుని కుట్టారు దాన్ని. ఆ ఎవరో వేళ్ళు నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించాయి. కత్తులూ డాళ్ళూ నాకెప్పుడూ అంత దగ్గరగా అనిపించలేదు. ఆ కుట్లు చూసి మాత్రం, మేడమ్ ఎదురుగానే, కళ్ళు తుడుచుకున్నాను. ఏమనుకుందో ఆవిడ, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మరి నేను దర్జీ కూతుర్ని. ఆఫీసులో నా పేరు సూది. నాన్న షాపు మా ఇంటి కిందే, ఇప్పటికీ రోజుకి పది గంటలు మిషన్ మీద కూర్చుంటాడు, ఎవరైనా రిటైరవ్వరాదా అంటే ఎవరి పాంటు మీద కూర్చుని చెబుతున్నావు అంటాడు. నా గళ్ళ పాంటు యోధుణ్ణి లాప్‌టాప్‌లో పెట్టి ఒక ఆదివారం చూపించాను. యోధుడి కండలు చూడలేదు, కత్తి చూడలేదు, మీసం చూడలేదు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "వెనక్కి తిప్పు" అన్నాడు. తిప్పాను. "వీడు గుర్రం ఎక్కుతాడా?" ఎక్కుతాడు నాన్నా అన్నాను. "ఎక్కి దిగేలోపు ఏడుస్తాడు. నాలుగు కుట్లూ తెచ్చి సరిగ్గా కూర్చునే చోట కలిపావు తల్లీ. చర్మం ఊడిపోతుంది పాపం. అక్కడ విడిగా పలకలా కత్తిరించిన గుడ్డముక్క ఒకటి వెయ్యాలి, అప్పుడు కాళ్ళు ఎంత చాపినా పట్టెయ్యదు." అని కాగితం తీసుకుని కత్తిరించి చూపించాడు. సరిగ్గా అంతే చేశాను. మా ఆఫీసులో పొట్టి అనేవాడు దాన్ని కదిలించి చూస్తే, వింత, గుర్రం మీద వాడి నడుమూ తొడలూ మొదటిసారి మనిషివాటిలా కదిలాయి, అంతకుముందు బొమ్మని గుర్రానికి కట్టేసినట్టుండేది. మేడమ్‌కి ఫోన్ చేసి ఎగిరి గంతేసినట్టు చెప్పాను. ఆవిడ విని, "చాలా బాగుంది. కానీ మీ నాన్నగారు చెప్పింది ఆధారం కాదు, ఊహ. మంచి ఊహ. రాసుకో, ఊహ అని రాసుకో" అంది. ఆవిడ పద్ధతి అది. ఏది మట్టిలోంచి దొరికింది, ఏది ఎవరో రాశారు, ఏది మనం అనుకుంటున్నాం, మూడింటికీ మూడు గళ్ళు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడితే ఆవిడకి ఒంట్లో బాగోదు.

పొట్టి అంటే మా కదలికలవాడు, ఆరడుగుల రెండంగుళాలు, అందుకే పొట్టి. నేను బొమ్మ చేస్తే వాడు దానికి నడక నేర్పుతాడు. ఈ ఎనిమిది నెలల్లో నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించిందీ, అందరికంటే ఎక్కువ నవ్వించిందీ వాడే. గుడ్డ నేత, అతుకు, పలక ముక్క, అన్నీ అయ్యాక గర్వంగా వాణ్ణి పిలిచి చూపిస్తే, మౌస్ చక్రాన్ని వెనక్కి తిప్పాడు, తిప్పుతూనే ఉన్నాడు, నా యోధుడు అరచెయ్యంత, బొటనవేలంత, చివరికి కందిగింజంత అయ్యాడు. "ఆడేవాళ్ళకి కనిపించేది ఇదే సూదీ. నీ గళ్ళు ఎక్కడున్నాయో చూపించు" అన్నాడు. చూపించలేకపోయాను. కందిగింజంత మనిషి ఏ సైన్యంవాడో ఆడేవాళ్ళు ఒక్క చూపులో పోల్చుకోవాలి, లేకపోతే ఆటే లేదు. కొమ్ములుంటే పోల్చుకుంటారు. అందుకే కదా కొమ్ములు అంత పనికొచ్చాయి! ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ నా మీద నాకే జాలేసింది. కానీ జాలి ఎంతసేపని పడతాం, ఆకలేసింది, తిన్నాను, తిని మళ్ళీ పుస్తకాల ముందు కూర్చున్నాను. దొరికింది. ఆ కాలపు గ్రీకు రచయిత ఒకాయన రాసిపెట్టాడు: వీళ్ళు సున్నపు నీళ్ళతో జుట్టు తడిపి వెనక్కి దువ్వుకుంటారు, గుర్రం జూలులా బిగుసుకుపోయి ఉంటుంది, అని. మీసాలు నోటిమీదకి పడతాయి, తింటుంటే మెతుకులు చిక్కుకుంటాయి, తాగేది జల్లెడలోంచి దిగినట్టు దిగుతుంది, అని. నాకు పట్టలేని సంతోషం. తెల్లగా బిగిసిన జూలు! వెయ్యి మంది బారులు తీరితే, ఎంత ఎత్తునుంచి చూసినా, నురగ కక్కుతున్న అలలా ఉంటుంది. ఆపైన డాళ్ళు, భుజం నుంచి పిక్కదాకా వచ్చే పొడుగాటివి. ఆపైన బూరలు, మనిషికంటే ఎత్తుగా నిటారుగా లేచి, చివర అడవిపంది తల నోరు తెరుచుకుని ఉండే కంచు బూరలు, అవి మట్టిలో నిజంగానే దొరికాయి. బూరని కూడా మనం కొమ్మే అంటాం కదా. ఒరేయ్ పొట్టీ, కొమ్ములు కావాలన్నావుగా, ఇవిగో, నెత్తిన కాదు నోటి దగ్గర అన్నాను. వాడు మూడు రోజులు కూర్చుని బూర ఊదుతుంటే మీసం ఎగిరిపడేలా చేశాడు. కందిగింజంత మనిషికి మీసం ఎగిరినా ఎవరికి కనిపిస్తుంది రా అంటే, నాకు కనిపిస్తుంది అన్నాడు. అప్పుడే తెలిసింది, వీడూ మాలో కలిశాడని.

గడియారం మూడూ ముప్ఫై ఐదు. ఎర్ర కళ్ళజోడావిడ ఏదో రాసుకుంటోంది. బాస్ గడ్డం గోక్కుంటున్నారు, అది మంచికో చెడుకో ఏడేళ్ళుగా నాకు తెలియలేదు. ఇంకో ఇరవై ఐదు నిమిషాలు గడిస్తే చాలు. ఆ ఒక్క మాట రాకపోతే చాలు. ఎందుకంటే, మీసాలూ జుట్టూ రాసిన ఆ గ్రీకు పెద్దమనిషి అక్కడితో ఆగలేదు, ఆ దగ్గర్లోనే, కొందరి శిరస్త్రాణాలకి కొమ్ములు కూడా ఉంటాయని ఒక ముక్క రాసేసి పోయాడు. ఒక్క ముక్క! అది బాస్ చెవిన పడితే అయిపోయింది, ఉన్నాయంటున్నారుగా, ఇంకేంటి, పెట్టెయ్ అంటారు. అందుకని పొద్దున మేడమ్‌కి ఫోన్ చేశాను. చెయ్యకుండా ఉండాల్సింది. మేడమ్, ఆ కొమ్ముల వాక్యం మాత్రం వాళ్ళ ముందు తియ్యకండి, అడిగితే తప్ప, అడిగినా, అని నసిగాను. అవతల కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "మీసాలకి ఆయన్నే సాక్షిగా పిలిచావు, జుట్టుకి పిలిచావు. కొమ్ముల దగ్గరికొచ్చేసరికి బయటికి పొమ్మంటే ఎలా అమ్మా?" అంది. కోపం లేదు గొంతులో. అదే ఇంకా ఇబ్బంది. అది కాదండీ అన్నాను. అదే, నాకూ తెలుసు. ఏడేళ్ళ కిందట తెలియక అబద్ధం పెట్టాను, ఇప్పుడు తెలిసి నిజం దాస్తున్నాను, ఏది నయం? ఆ టీచర్ ఎదురుగా కూర్చుని అడిగితే ఏం చెబుతాను? మీ పిల్లలకి సరైన బొమ్మే ఇద్దామనుకున్నానండీ, కాస్త తప్పుడు దారిలో, అని చెబుతానా? నా మీద నాకే నవ్వొచ్చింది, సిగ్గుతో కలిసిన నవ్వు, ముక్కులోంచి వచ్చింది, రిసెప్షన్ అమ్మాయి తలెత్తి చూసింది.

అప్పుడే చూశాను. లోపల మేడమ్ రెండు చేతులూ పైకెత్తి, చూపుడువేళ్ళు రెండూ తన తెల్లటి జుట్టుకి అటొకటి ఇటొకటి ఆనించి పెట్టుకుంది. కొమ్ములు. డెబ్భై రెండేళ్ళ మనిషి, మ్యూజియంలో అధికారులు భయపడే మనిషి, నెత్తిన వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. చెప్పేసింది. చెప్పేసింది కదా! ఎనిమిది నెలలు, గళ్ళు, అతుకు, పలక ముక్క, పొట్టి ఎగరేసిన మీసం, అన్నీ ఆ రెండు వేళ్ళ మధ్యలోంచి జారిపోతున్నట్టయింది. మరి, ఎందుకో తెలియదు, ఆ జారడం అడుగుకి చేరగానే తేలికైపోయింది. ఇక దాచడానికి ఏమీ లేదు. పోతే పోయింది, సైన్యం పోతుంది, నేను మాత్రం ఆ టీచర్ ఎదుట తలెత్తుకుని కూర్చోవచ్చు. కిటికీలోంచి వచ్చే ఎండ నా చెప్పుల మీద పడుతోంది, ఇంత బాగుందేమిటీ ఎండ అనుకున్నాను. బాస్ తలుపు తీసి, రామ్మా అన్నారు.

కూర్చోమని కూడా అనలేదు. "ఈ కొమ్ముల వాక్యం సంగతి నీకు ముందే తెలుసా?" అన్నారు. మేడమ్ నా వైపు చూడలేదు, తన గాజు గ్లాసునే చూస్తోంది, నా ఫోన్ సంగతి ఆవిడ వాళ్ళకి చెప్పలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. తెలియదు అంటే సరిపోయేది. "తెలుసు సార్. చెప్పొద్దని పొద్దున మేడమ్‌ని నేనే అడిగాను" అన్నాను. ఎర్ర కళ్ళజోడావిడ పెన్ను కింద పెట్టి, "సార్, నేను పదేళ్ళుగా అమ్ముతున్నాను. మన సరుకుకి గిట్టని మాట మన గదిలో మనవాళ్ళే చెప్పడం ఇదే మొదటిసారి చూడ్డం. ఇలాంటివాళ్ళు చెబితే జనం మిగతాది కూడా నమ్ముతారు" అంది. బాస్ మళ్ళీ గడ్డం గోక్కున్నారు. మేడమ్ నెమ్మదిగా మొదలుపెట్టింది, "కొమ్ములది ఒకటి నది అడుగున దొరికిందండీ, కంచుది. పల్చటి రేకు. కత్తి దెబ్బకి ఆగదు. ఊరేగింపుకో, దేవుడికి సమర్పించడానికో అయ్యుంటుందని మా వాళ్ళ అభిప్రాయం. కాబట్టి ఎక్కడో ఒకరికి ఉంటే ఉండొచ్చు. సైన్యం మొత్తానికి ఉన్నాయంటే నేను ఒప్పుకోను." అక్కణ్ణించి నా గొలుసు కవచాల మీద పడింది. "ఈ అమ్మాయి ప్రతివాడికీ కవచం తొడిగింది. అంత ఇనుము ఎవరిస్తారు? డబ్బున్నవాళ్ళకే ఉంచు, మిగతావాళ్ళకి విప్పెయ్" అంది. ఎన్ని రాత్రులు ఆ కవచాల గొలుసులు అల్లానో ఆవిడకి తెలుసు. అయినా నాకు పొంగిపోయినట్టయింది, కోప్పడితే పొంగిపోవడమేమిటో. బాస్ తెర మీద నా సైన్యాన్ని ఇంకోసారి వెనక్కి, వెనక్కి, కందిగింజల దాకా తీసుకెళ్ళి, ఆ తెల్లటి జూలు అలని చాలాసేపు చూశారు. "సైన్యానికి కొమ్ములొద్దు. వీళ్ళ నాయకుడొకడికి, యుద్ధం ముందు ఊరేగింపులో మాత్రం పెట్టు. ప్రతి సైనికుడి మీద నొక్కితే చిన్న పేజీ రావాలి, ఏది దొరికింది, ఏది రాశారు, ఏది మన ఊహ, అన్నీ ఉండాలి" అన్నారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: సార్, పాంటు దగ్గర ఊహ ఒక దర్జీది అని వెయ్యొచ్చా? వెయ్యమన్నారు. నాన్న చదివితే ఏమంటాడో ఇప్పుడే వినిపిస్తోంది, ఊహేంటే, యాభై ఏళ్ళ అనుభవాన్ని పట్టుకుని ఊహంటారా, అని వారం రోజులు షాపుకొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు.

అందరూ లేస్తున్నారు. ఇంకో మాట సార్ అన్నాను. పాత ఆట ఇంకా ఆడుతున్నారు కదా, దాన్లోవాడికి కూడా కొమ్ములు తీసేసి అందరికీ ఉచితంగా పంపిద్దాం. పాతదాని జోలికి ఎందుకమ్మా, అడిగినవాళ్ళు ఎవరు అన్నారు బాస్. ఒకావిడ రాశారు సార్, మూడేళ్ళయింది అన్నాను. ఆయన బల్ల మీది కాగితాలు తీసుకుని, కొత్త పనికి ఆలస్యం రాకుండా చూసుకో అని వెళ్ళిపోయారు. మెట్ల దాకా మేడమ్‌ని పంపించాను. ఫోన్ సంగతి ఎత్తబోతే నా చెయ్యి పట్టుకుని నొక్కి, "కవచాలు సోమవారానికి విప్పేస్తావా?" అంది, అంతే, దిగిపోయింది.

నా సీట్లో కూర్చుని ఏడేళ్ళనాటి ఫైలు తెరిచాను. ఎంత చిన్నదాన్ని అప్పుడు, ఫైళ్ళకి పేర్లు కూడా సరిగ్గా పెట్టలేదు, చివరిది, అసలు చివరిది, ఇదే చివరిది. వచ్చి నిలబడ్డాడు పాత మిత్రుడు, ఎలుగుబంటితో సహా, కళ్ళెర్రజేసి. తిట్టాలనిపించలేదు, వీడి అన్నమే కదా తిన్నాను ఇన్నేళ్ళూ. టోపీని ఎంచుకుని, కొమ్ములతో కలిపి తీసేశాను. తీసేసి చూస్తే, కనుబొమల పైన ఏమీ లేదు. నుదురు లేదు, జుట్టు లేదు, గుండ్రటి బొక్క, లోపలికి చూస్తే గొంతుదాకా ఖాళీ. టోపీ ఉంటుందిలే, కింద ఎవరు చూస్తారు అని చెయ్యనేలేదన్నమాట! ఆఫీసంతా వినపడేలా నవ్వాను. పొట్టి కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు, ఏమైందీ అని. "వీడికి తల లేదు రా. ఏడేళ్ళుగా తల లేకుండానే గెలుస్తున్నాడు" అన్నాను. వాడు వంగి ఆ బొక్కలోకి చూసి చూసి, మన మేనేజర్లందరూ అంతే కదా అన్నాడు, ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. తర్వాత వాడు వెళ్ళలేదు, పక్కనే కూర్చున్నాడు. నేను ముందు నుదురు మొదలుపెట్టాను, కాస్త వెడల్పుగా, ఎండకి కమిలినట్టు, మధ్యలో ఆలోచించేవాడికి పడే గీత ఒకటి. బాగుంది. ఇంకొంచెం పైకి లాగాను.